చాయ్ చల్లార్చిన ఫోటో

జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దావలో నాసిర్ చాయ్ అంగడి ఉంది. ఆ అంగడి గోడకు ఒకే ఒక మేకు. ఆ మేకు కోసం ప్రతి ఆదివారం సాయంత్రం జరిగే పోటీ చూస్తే ఎలక్షన్లు ఏ మూలకప్పా అనిపిస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడు ఊళ్ళ ఫోటో పిచ్చోళ్ళూ ఆడ చేరతారు. వారమంతా తీసిన వాటిలో తలా ఒకటి ప్రింటు వేయించి తెచ్చి బల్ల మీద పెడతారు. ఎవరి ఫోటో చూస్తూ జనం చాయ్ తాగడం మరిచిపోతారో వాళ్ళదే గెలుపు. తీర్పు నాసిర్‌ది. గ్లాసుల్ని వేలితో తాకి చూస్తాడు. చల్లారినవి ఎక్కువైతే ఆ ఫోటో వారం పాటు మేకుకు వేలాడుతుంది.

ఈ పద్ధతి పెట్టుకున్నప్పుడు అబ్దుల్ సత్తార్ సంగతి ఎవరికీ తట్టలేదు. కువైట్‌లో ఏండ్ల తరబడి కారు తోలి, చేటంత కెమెరాతో ఇంటికొచ్చిన మనిషి. ఆయన నోరు తెరిచినాడంటే చాయ్ ఏంది, పొయ్యిలో అగ్గి కూడా చల్లారాల్సిందే. తాను మాత్రం మాటకొక గుటక వేస్తూ వేడివేడిగా తాగేస్తాడు. "సల్లారిన చాయ్ తాగినోడు స్టీరింగు పట్టలేడప్పా" అంటాడు.

హేమలత పులివెందులలో టీచరు. ఆ మేకు మీద ఆమెకు ఆశ పుట్టి నెల దాటింది. వచ్చిన ప్రతిసారీ సంచిలో ఒక ఫోటో ఉండేది. సత్తార్ కథ ముగిసేసరికి గ్లాసులన్నీ చల్లారిపోయేవి, ఫోటో సంచిలోనే ఉండేది, ఆమె బస్సెక్కి ఇంటికి పోయేది. ఈ వారం మాత్రం ఏమైనా సరే తీసి బల్ల మీద పెట్టాలని వచ్చేటప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఈసారి సంచిలో ఉన్న ఫోటో అట్లాంటిది.

నాసిర్ చాయ్ పంచినాడో లేదో, సత్తార్ తన ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టి దానిమీద అరచెయ్యి ఆనించినాడు.

"రవ్వంత ఆగండప్పా. దీన్ని సూసే ముందు కథ ఇనాల."

అయిపాయ, అనుకుంది హేమలత.

"పోయిన ఆదివారం, ఇంగా తెల్లారలే, బండేసుకొని గండికోటకు పోయినా. ఒగన్నే. అందరూ నిలబడే జాగాలో నిలబడితే అందరికొచ్చే ఫోటోనే వస్తాది గదా? అందుకని లోయ అంచుకు దిగినా. ఒగ కాలు బండ మీద పెట్టినా. రెండో కాలు యాడ పెట్టినానో తెలుసా?"

"యాడ మామా?" అన్నాడు ఆదినారాయణ. ఆయన ప్రొద్దుటూరులో బంగారు పని చేస్తాడు. వారమంతా రవ్వలూ రజనూ తూచే మనిషికి ఆదివారం పూట తూకం లేని మాటలంటే మహా ఇష్టం.

"గాల్లో! ఇంగ జాగా యాడుంది ఆడ? కిందికి సూస్తే పెన్నేరు మొలతాడంత సన్నంగా కనపడతాంది. గాలేమో నన్ను ఎత్తకపోతానంటాంది. ఇదో, ఈ తువ్వాల సూడండి," అని భుజం మీది నీలి గళ్ళ తువ్వాల దులిపి చూపించినాడు. "దీన్నే నడుముకూ ముండ్లచెట్టు మొదలుకూ కలిపి కట్టుకున్నా. కట్టుకొని కెమెరా ఎత్తినానో లేదో, గద్ద అడ్డమొచ్చె!"

"గద్దా?"

"గద్దంటే కోడిపిల్లల్ని ఎత్తకపోయే గద్ద కాదప్పా. అది రెక్క ఇప్పితే నాసిర్ అంగడికి పందిరే అక్కర్లే. వచ్చి సక్కగా లెన్సు మీద కూచునె. 'దిగుమే' అన్నా. దిగలే. 'ఫోటో కావాల్నా?' అన్నా. తల ఊపె. సరే పోనీలే అని ఒగటి తీసినా. మెడ ఇట్ల తిప్పి, ఈ పక్క గూడా తియ్యమనె! మా కూతురు ఆర్షియా పెండ్లిలో ఆడోళ్ళు గూడా నన్ను అంత సతాయించలేదు."

అందరూ పకపకా నవ్వినారు. హేమలత కూడా నవ్వింది. నవ్విన తర్వాత గుర్తొచ్చింది, చేతిలో గ్లాసు ఉందని. ఆయనతో వచ్చిన చిక్కే అది. అబద్ధమని తెలిసినా చెవి పక్కకు పోదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గద్దను సాగనంపి కిందికి సూస్తే, ఏట్లో నీళ్ళు కదుల్తాండాయి. నీళ్ళు కదిలితే కొండ నీడ సక్కగా పడదు గదా? 'పెన్నమ్మా, నీకు దండం పెడతా, ఒగ నిమిషం గమ్మునుండు తల్లీ' అని కేకేసినా. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు, ఏరు నిలబడె! సేపలు యాడివి ఆడ ఆగిపాయ. కింద మైలవరం డ్యాం కట్ట కాడుండే మనిషి, నీళ్ళు రాకపోయేసరికి ఏరును ఎతుక్కుంటా కోట దాకా నడిచొచ్చె!"

"వాయప్పా!" అన్నాడు ఆదినారాయణ.

"ఇంగ అసలు సంగతి ఇనండి. సూర్యుడు సగం పైకొచ్చినాడు. అప్పుడు సూసుకుంటే, నా లెన్సుకు గద్ద ఈక అంటుకొని ఉండాది. దాన్ని తుడిసేలోగా సూర్యుడు పైకి పోతే నా గతేంది? చెయ్యెత్తి 'ఆగప్పా!' అన్నా. టక్కున ఆగె!"

"ఆగినాడా!" నాసిర్ పాల గరిటె గాల్లోనే ఆపేసినాడు.

"అల్లా తోడు! వల్లూరులో కోళ్ళు మల్లా ఒగసారి కూసినాయి. గండి గుళ్ళో పూజారి తలుపు తీసి, ఇంగా తెల్లారలేదని మల్లా మూసి పండుకున్యాడు. ఎర్రగుంట్లలో రైలు, టైమెంతో తెలీక స్టేషన్లోనే నిలబడిపాయ. నేనేమో తుడుస్తాండా, తుడుస్తాండా. ఆఖరికి సూర్యునికే కాళ్ళు పీకి, 'ఇంగా ఎంతసేపు సత్తారూ' అని కొండ దిగి నా దగ్గరికే వచ్చినాడు. వచ్చి కెమెరాలోకి తొంగి సూసినాడు. ఇంత దూరం! ఈ మీసం సూడండి. ఆ పక్క నల్లగుంటే ఈ పక్క ఎందుకు తెల్లగైంది? ఆ సెగకే! అప్పుడు నొక్కినా!"

ఫోటో తిరగేసినాడు. తెల్లకాగితం. ఈ మూల నుంచి ఆ మూల దాకా చుక్క మచ్చ లేదు.

"ఏముందప్పా దీంట్లో?" అన్నాడు ఆదినారాయణ, గొంతు తగ్గించి.

"సూర్యుని మొగం! ఇంత దగ్గరగా భూమ్మీద ఎవడూ తీయలే."

హేమలతకు తెలుసు అదేమిటో. రాత్రి చుక్కల కోసం పెట్టిన సెట్టింగు మార్చకుండా తెల్లవారినాక నొక్కితే అట్లే వస్తుంది. ఆమె కూడా చేసిన తప్పే. కానీ మిగతావాళ్ళు ఆ తెలుపును ఎంత భక్తిగా చూస్తున్నారంటే, ఆదినారాయణ కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాసిర్ గ్లాసులు తాకుతూ వచ్చినాడు. అన్నీ చల్లారినాయి. ఆమెది కూడా. గెలిచినవాళ్ళకు పోసే వేడి చాయ్ సత్తార్ చేతికిచ్చి, తెల్లకాగితం తీసుకొని మేకు దగ్గరికి నడిచినాడు.

హేమలత లేచి నిలబడింది. ఇప్పుడు కాకుంటే ఇంకెప్పుడు?

"నాసిరన్నా, ఆగు! నేనూ ఒకటి తెచ్చినా. నేనూ పోయిన ఆదివారం గండికోటకే పోయింటి. ఏటికి ఆ పక్క గట్టు మీదికి."

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

ఎర్రటి బండలు అంతస్తులు అంతస్తులుగా పైకి లేచినాయి. లోయ అడుగున ఇంకా చీకటి. పైన ఒక్క అంచుకు మాత్రం తొలి ఎండ తగిలింది. ఆ అంచు మీద ఆవగింజంత మనిషి. అంత పెద్ద కొండను, అంత వెలుగును ఆ ఒక్క మనిషి కోసమే పరిచినట్టుంది.

ఆదినారాయణ జేబులోంచి నగల పనికి వాడే భూతద్దం తీసి కంటికి పెట్టుకొని వంగినాడు.

"కోట కాడుండే గురవమ్మ టీ బండి... ప్లాస్టిక్ కుర్చీ... కుర్చీలో మనిషి. చేతిలో గ్లాసు. ఒళ్ళో కెమెరా. భుజం మీద నీలి గళ్ళ తువ్వాల!" తల ఎత్తినాడు. "మామా, ఒగ కాలు గాల్లో ఉందంటివే? రెండు కాళ్ళూ సక్కగా స్టూలు మీద సాపుకున్యావు గదప్పా!"

"గద్ద ఏది భాయ్? ఈడ కాకి గూడా లేదే!" అన్నాడు నాసిర్.

అంగడి అంగడంతా నవ్వుతో దద్దరిల్లింది.

"నువ్వు పక్కకు జరిగితే తీద్దామని శానాసేపు చూసినా మామా," అంది హేమలత, తప్పు చేసినట్టు. "నువ్వు జరగనే లేదు. ఎండ పోతాందని అట్లే తీసేసినా."

అందరూ సత్తార్ జవాబు కోసం చూసినారు. ఇంతవరకూ ఆయన ఏ మాటకూ తడుముకున్నది లేదు. ఆయన భూతద్దం అడిగి తీసుకొని ఫోటో మీదికి వంగినాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయినాడు. ఫోటోలో ఆయన నోరు తెరుచుకునే ఉంది, కానీ మాట్లాడటం లేదు. ఎదురుగా పుడుతున్న పొద్దును చూస్తున్నాడు. మనిషి నొచ్చుకున్నాడేమోనని హేమలతకు భయమేసింది.

"మామా, వద్దంటే తీసేస్తా."

సత్తార్ తల ఎత్తకుండానే తియ్యొద్దన్నట్టు చెయ్యి ఊపినాడు.

నాసిర్ అలవాటు కొద్దీ సత్తార్ గ్లాసు తాకినాడు. నమ్మకం కుదరక ఇంకోసారి తాకినాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"సల్లారింది," అన్నాడు మెల్లగా. తర్వాత కేక వేసినాడు. "సత్తార్ భాయ్ చాయ్ సల్లారిందప్పో!"

తెల్లకాగితాన్ని బల్ల మీద పెట్టి, హేమలత ఫోటోను మేకుకు తగిలించినాడు. ఆమెకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. సత్తార్ లేచి గోడ ముందు నిలబడి, తువ్వాల సర్దుకొని, అందరి వైపూ తిరిగినాడు.

"సూర్యుడు నిలబన్యాడంటే నవ్వితిరే! ఇదో, నిలబడే ఉండాడు సూడండి. నాసిర్, ఇంగో చాయ్ పొయ్యప్పా. ముందు ఆ యమ్మకు."

ఆ మాటను మాత్రం ఎవరూ కాదనలేదు.