ఆరు గాజు గ్లాసులు

తబితమ్మకి కోపం రాదని మా పల్లెలో పేరండీ. మొగుడు పోయిననాడు కూడా దేవుడి మీద అలగలేదంట. అట్టాంటి మనిషి, కొత్త గుడిలో మొదటి ఆదివారం, అదీ ఆరాధన నడుస్తా ఉండగా లేచి నిలబడి కేకలేసిందంటే ఏమై ఉంటదో మీరే అనుకోండి. టీ తాగండి సారూ, చెబుతా. ఆ గుడి ఉందే, ఏ ఒక్కళ్ళో కట్టిచ్చింది కాదు. ముందు తాటాకుల పాక. వానొస్తే పాస్టరుగారు బైబిలు చొక్కాలో దాచుకుని వాక్యం చెప్పాల్సిందే. మా పల్లె ఆడోళ్ళకి ఒక అలవాటు. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి దేవుడి కుండలో వేస్తారు. పిల్లలకి చాలినా చాలకపోయినా ఆ గుప్పెడు తియ్యాల్సిందే. శనివారం శనివారం తబితమ్మ గంప నెత్తినబెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం పోగుచేసేది. ఒకేడా రెండేళ్ళా, పన్నెండేళ్ళు తిరిగింది. ఆ గుప్పిళ్ళే ఇటుకలైనయ్యి, ఆ గుప్పిళ్ళే గోడలైనయ్యి.

గోడలు లేచినయ్యి గానీ, నేల మట్టినేలే. అప్పుడేమైందంటే, ఊళ్ళో కామందు వీర్రాఘవయ్య గారి భార్యకి పెద్ద జబ్బు చేసింది. మా పాస్టరుగారు పోయి ప్రార్థన చేశాడు, ఆవిడ లేచి కూర్చుంది. దాంతో ఆ ఇంట్లో ఆరుగురూ, ఆయనా ఆవిడా ఇద్దరు కొడుకులూ ఇద్దరు కోడళ్ళూ, బాప్తిస్మం తీసుకున్నారు. గుడికి తెల్లటి టైల్సు ఆయనే వేయించాడు. మంచిదే కదా, కాదన్నదెవరు? మా సంఘప్పెద్ద జకరయ్య అయితే కాలు నేలమీద ఆనలేదనుకో. ఈ జకరయ్య తబితమ్మకి సొంత మరిది, మొగుడి తమ్ముడు. "వొదినా, కామందులే మన గుడికొస్తన్నారు, ఇంకేం కావాలి" అని పల్లంతా చెప్పుకు తిరిగాడంట.

ఆ ఆదివారం బల్ల ఆరాధన. అంటే ప్రభువు పేరు మీద రొట్టె తిని, ద్రాక్షరసం తాగే ఆదివారం. రొట్టె చేసేదీ, ఎండుద్రాక్ష నానబెట్టి మరగబెట్టి రసం తీసేదీ మొదట్నించీ తబితమ్మే. మా దగ్గర గిన్నె ఒకటే. ఇత్తడి గిన్నె. పాస్టరుగారి కాణ్ణించి పాలేరు దాకా అందరూ దాంట్లోనే నోరుబెట్టి ఒక్కో గుక్క తాగుతారు. అదీ మా పద్ధతి. తెల్లారగట్లే గిన్నె చింతపండుతో తోమి తెచ్చింది తబితమ్మ. తెచ్చి చూస్తే ఏముంది? బల్ల మీద కొత్త పళ్ళెం, పళ్ళెంలో ఆరు గాజు గ్లాసులు. తళతళా మెరుస్తా ఉన్నయ్యంట. "ఇయ్యేంది జకరయ్యా?" అంది. "అదే వొదినా, కామందుగారోళ్ళకి. మన ఎంగిలి గిన్నెలో వాళ్ళెట్టా తాగుతారు? ముందు వాళ్ళకి ఈట్లో పోసిచ్చి, తర్వాత మనం గిన్నెలో తాగుదాం." "వాళ్ళడిగారా?" "అడగలేదు. మనకి తెలవద్దా?" అన్నాడంట. విన్నారా? అడగలేదంట! అడక్కముందే వంగటం మావోళ్ళకి అంత బాగా వచ్చు.

తబితమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి? ముప్పైయేళ్ళ కిందట సెంటర్లో టీకొట్టు ఉండేది. ఊళ్ళో పెద్దకులాలోళ్ళకి బల్ల మీద గాజు గ్లాసులు, మా పల్లెవాళ్ళకి చూరులో దోపిన సత్తు గ్లాసులు. తాగి, మేమే కడిగి, మళ్ళీ చూరులో దొయ్యాలి. ఒకరోజు తబితమ్మ మొగుడు ఏసోబు పోయి బల్ల మీద గ్లాసు తీసుకుని తాగాడు. పొయ్యిలో కట్టెలతో కొట్టారు. అడ్డంపోయిన తమ్ముణ్ణీ కొట్టారు. ఆ తమ్ముడే జకరయ్య. ఎవడో విసిరిన గ్లాసు తగిలి ఎడమ కనుబొమ్మ చీలింది. ఆ గీత మళ్ళీ పోలేదు. ఏసోబు ఆ దెబ్బల్తో మంచానపడి మళ్ళీ లేవలేదు. ఇప్పుడు చెప్పండి, ఎక్కదా?

అయినా తమాయించుకుంది. పాటలైనయ్యి, ప్రార్థనైంది. కామందుగారోళ్ళు ముందు కుర్చీల్లో కూర్చున్నారు, మావోళ్ళు చాపల మీద. జకరయ్య పళ్ళెం పట్టుకుని "వొదినా, రసం పొయ్యి" అన్నాడు. రసం కుండ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుందంట తబితమ్మ. మళ్ళీ అన్నాడు. అప్పుడు లేచింది. "అయ్యగారూ, ప్రభువు ఆ రాత్రి ఎన్ని గిన్నెలు పెట్టాడు?" అని పాస్టరుగారిని అడిగింది. ఆయన తలొంచుకుని "ఒకటేనమ్మా" అన్నాడు. "మరి ఈడ గ్లాసుల్తో కలిపి ఏడెందుకున్నయ్యి? టీకొట్టులో రెండు రకాలు పోవాలని నా మొగుడు చచ్చాడు. దాన్ని తెచ్చి దేవుడి బల్ల మీద పెడతార్రా? ఎవడో పెడితే తన్నులాడొచ్చు. కంచే చేను మేస్తే ఎవడికి చెప్పుకోను? జకరయ్యా, ఆ కనుబొమ్మ మీద గీత ఏందో చెప్పు. అందరూ వింటారు, చెప్పు!" జకరయ్య పళ్ళెం దించి బల్ల మీద పెట్టాడంట.

కామందు లేచాడు. "నేనేయించిన టైల్సు మీద నిలబడి నన్నే అవమానిస్తారా?" అన్నాడు. "టైల్సు పీక్కుపోండి బాబూ. మాకు పేడతో అలుక్కోవడం వచ్చు. కింద నేల మాత్రం మా గుప్పిళ్ళది. తాగితే ఈ గిన్నెలో తాగండి, మాతో పాటే, నా తర్వాతైనా సరే ముందైనా సరే. లేకపోతే ఈ కుండ ఈడే పగలగొడతా" అంది తబితమ్మ. ఆయన విసవిసా పోయాడు. కొడుకులూ కోడళ్ళూ పోయారు. కామందు భార్య మాత్రం గుమ్మం దాకా పోయి ఆగిందంట. గిన్నె వంక చూసిందంట. తిరిగొచ్చి తాగిందని చెబితే మీకు బాగుంటది గానీ, అబద్ధమెందుకు, ఆవిడా పోయింది.

మిగిలినోళ్ళు గిన్నెలో తాగారు. అందరికంటే ఆఖర్న వచ్చాడు జకరయ్య. సగం చొక్కా మీదే పోసుకున్నాడు. తబితమ్మ మాత్రం ఆర్నెల్లు మరిదితో మాట్లాడలేదు. నా పెళ్ళిలోనే మళ్ళీ మాట కలిసింది. అవును సారూ, జకరయ్య మా మామే, మా ఆయన తండ్రి. ఆ గ్లాసులు పారెయ్యకుండా ఇంటికి తెచ్చి, "కామందొచ్చినా పాకీవాడొచ్చినా మనింట్లో టీ వీటిల్లోనే, మనమూ వీటిల్లోనే" అని నాకు చెప్పి కన్నుమూశాడు. ఒకటి పగిలింది. అయిదున్నయ్యి. మీ చేతిలో ఉందే, అది వాటిల్లోదే. ఇందాకణ్ణించీ చూస్తన్నా, కథ రాసుకుంటానే ఉన్నారు, టీ మాత్రం ఒక్క గుక్క తగ్గలేదు. తాగుతారా, తీసుకుపోనా?