చదవడం రాదు

హలో… ఆ, నేనే సార్, ఫెబీ వాళ్ళమ్మను. భాగ్యమ్మను.

ఇందాకట్నుంచి చేస్తుండా, ఎత్తరే…

… ఆన్‌లైన్ పనా? ఎప్పుడు చూడు ఆ ఫోన్లోనే ఉంటారు మీరు, పాపం. ఇప్పుడు తీరికేనా? నేను సూటిగా అడుగుతా సార్. మా పాపకు చదవడం రాదని రాసినారంటనే?

… ఎవరు చెప్పిందేంది! మీరే కార్డు పంపినారు కదా. నాకు అక్షరం రాదు, పక్కింటి రమ్యతో చదివించుకున్నా. ఆ పిల్ల అరుగు మీద కూర్చోని అందరూ వినేటట్టు చదివింది… "ఫెబీ, మూడో తరగతి, తెలుగు, చదవడం రాదు" అని. తల తీసేసినట్టయింది సార్ నాకు.

… పరీక్ష పెట్టింది మీరు కాదా? రాష్ట్రమంతా ఒకటే పరీక్షా… ఆహా, వేరే బడి మేడం వచ్చి పెట్టిందా.

… కాకి కథ ఇచ్చిందా? ఇస్తే? … నోరే తెరవలేదా.

కొత్త మనిషి ముందు ఎట్ల తెరుస్తది సార్! పసిబిడ్డ. బెదిరిపోయి ఉంటది. ఆ మేడం గద్దించి ఉంటది…

… గద్దించలేదా. మీరు పక్కనే ఉన్నారా… సరే.

మీకు తెలవదేమో సార్. మా పాప ఆదివారం ఆదివారం మందిరంలో నిలబడి కీర్తన చదువుతుంది. మైకులో! సంఘమంతటి ముందు, పుస్తకం పట్టుకోని, వరస మీద వేలు పెట్టి. పెద్దోళ్ళే తడబడతారు, ఇది గడగడా చదువుతుంది. మా పాస్టరు యోబు అయ్యగారు మెచ్చుకోని స్టీలు బాక్సు ఇచ్చినారు. ఇట్లాంటి పిల్లకే రాదంటే ఇంకెవరికొచ్చినట్టు?

… ఊ.

… ఏంది, మార్చొచ్చా?

… ఇంకా పైకి పంపలేదా! ఈ సాయంత్రం దాకా టైముందా? ఆ మాట ముందే చెప్పరే! "చదవగలదు" అన్నకాడ టిక్కు పెడితే సరిపోతదా? అంతేనా?

… అయ్యో, మండలంలో మన బడే ఆఖరా? పెద్దారవీడులో మీటింగు పెట్టి మిమ్మల్ని కసురుతారా? … చూడండి మరి, మీకూ మేలే, మాకూ మేలే. పెట్టేయండి సార్. దేవుడు మిమ్మల్ని చల్లగా చూస్తాడు.

… పెట్టినారా? హమ్మయ్య. ఇప్పుడు నా కడుపు చల్లబడింది.

ఊరికే పెట్టించుకున్నాననుకోవద్దు. ఉండండి, మీరే వినండి… అక్కర్లేదంటే ఎట్ల? వినాల్సిందే. పాపా! ఫెబీ! ఇట్ల రా. ఆ కీర్తనల పుస్తకం తీసుకరా, సార్ వింటారంట. నిలబడు. గట్టిగా చదువు…

…

…

విన్నారా! ఎక్కడన్నా ఆగిందా సార్? రైలు పోయినట్టు పోయింది!

… ఏంది? పేజీ తిప్పాలా? ఏదైనా పర్వాలేదా? … ఇంకా అనుమానమే మీకు. తిప్పినా. పాపా, ఇది చదువు.

… ఆ, చదువుతానే ఉండాది, వినండి…

…

ఆగు పాపా. ఆగు.

ఇది మళ్ళా అదే కదా.

… ఉన్నా సార్, లైన్లోనే ఉన్నా. రెండు పేజీల్లోనూ ఒకటే రాసి ఉంటారా సార్?

… ఉండరా.

ఆగండి, ఆగండి. ఇదిగో, పొయ్యి కాడ కారం ప్యాకెట్టుంది. పాపా, దీని మీద ఏముందో చెప్పు… కారం! కారం అనింది సార్!

… ఆ, బొమ్మ ఉండాది. ఎర్రగా మిరపకాయలు…

… వెనక పక్క చూపించాలా. … తిప్పినా. పాపా, ఇక్కడ. మొదటి మాట. ఒక్కటే మాట, నా తల్లివి కదా…

…

చెప్పడం లేదు సార్.

నా మొగం చూస్తుండాది.

ఏమే! మరి ఇన్నాళ్ళూ వేలు పెట్టి చదివిందేంది? సంఘాన్నంతా… లేదు సార్, కొట్టడం లేదు. చెయ్యెత్తినా, దించినా. ఏడుస్తుండాది. ఏందో అంటుండాది, వింటా ఉండండి…

… వాళ్ళవ్వ ఆ కీర్తన నోటికి చెప్తుంటే విని పట్టుకుందంట సార్. మొదటిసారి పుస్తకం ముందర పెట్టుకోని ఒప్పజెప్తే, మా పాపకు చదువొచ్చిందని నేను ముద్దులు పెట్టుకున్నానంట. ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నానంట. ఇంక కాదని ఎట్ల చెప్పేదమ్మా, అంటుండాది.

నాకెట్ల తెలుస్తది సార్? పుస్తకం ముందు కూర్చోని నోరు కదిలిస్తే చదువే అనుకుంటి. దేశమంతా పిల్లోళ్ళు దిద్దుకునే పలకలకు ఫెబీ వాళ్ళ నాయన మార్కాపురంలో రాయి కోస్తాడు. మా ఇంట్లో చూస్తే ఇదీ సంగతి… ఏడుపొస్తుండాది సార్ నాకు.

… ఏంది? పోనీలే అంటారా? పెట్టిన టిక్కు ఉండనీ అంటారా?

ఒకటి చెప్పండి. టిక్కు లేని పిల్లోళ్ళను ఏం చేస్తారు? … బడి వదిలినాక కూర్చోబెడతారా? మీరేనా? అక్షరాల కాడ్నుంచి? … మరి టిక్కు ఉన్నోళ్ళను?

… ఇంటికి పంపిస్తారా.

తీసేయండి.

… ఆ టిక్కు తీసేయండి సార్, ఇప్పుడే. … బడి పేరు పోతదా? మీరు మంచోళ్ళు, మిమ్మల్ని ఎవరన్నా ఒక మాటంటే నాకూ బాధే. కానీ మిమ్మల్ని కసిరేది ఒక్క మీటింగులో. నా బిడ్డను బతుకంతా కసురుతారు సార్. బస్సు కాడ, బ్యాంకు కాడ… నన్ను కసిరినట్టు.

… ఆ, పెట్టమనిందీ నేనే, తీయమంటుండేదీ నేనే. తిక్కదాన్నే అనుకోండి. తీయండి.

… వచ్చే వారం మిరప కోతలకు పోవాల, నిజమే. పాపను వెంట తీసుకపోదామనే అనుకుంటి. ఇప్పుడు తీసుకపోను, వాళ్ళవ్వ కాడ వదిలిపోతా. చీకటి పడిందాకా కూర్చోబెట్టినా మంచిదే. వాళ్ళ నాయన్ని రేపొచ్చేటప్పుడు కొత్త పలక తెమ్మంటా.

… ఆదివారమా? అయ్యగారు పిలుస్తారు, పిలవకుండా ఉంటారా. పిలిస్తే నేనే లేచి చెప్తా, మా పాప ఇంకా నేర్చుకుంటుండాది అయ్యగారూ అని. … సిగ్గు కాకేం సార్. చచ్చేంత సిగ్గు. ఓర్చుకుంటా.

తీసినారా? … లేదు, నేను ఫోన్ పెట్టను. మీరు తీసినాకనే పెడతా.

… ఫోన్లో చక్రం తిరుగుతుండాదా? తిరగనీండి. ఈ పక్క సిగ్నలు ఎప్పుడు సరిగ్గా ఉంది కనక.

… అయిందా? మా పాప పేరు పక్కన ఇప్పుడేముందో చదవండి సార్.

…

ఇంకోసారి చదవండి. పాప కూడా వింటది. ఇట్ల రా పాపా, చెవి పెట్టు. ఏడవాకు… విను.

…

ఆ. అదే ఉండనీండి సార్. పెడుతుండా.