నాలుగు కిలోల ఇనుము

జర ఆ గ్రైండర్ బంద్ చెయ్యి ఇర్షాద్ భాయ్. ఎంతసేపటి సంది ఒర్రుతున్న, నీకు ఇనవడ్తలేదా? ఇనవడ్తలేదంటే ఒక బాధ. ఇనవడి గూడ గిట్ల తల వంచుకొని పని చేస్తున్నవంటే ఇంకో బాధ.

రవ్వలన్ని నా మీదికే వస్తున్నయ్. ఊకె అన్నలే, రానియ్. చొప్పదండి రోడ్డు మీద, గింత ఉక్కల, నీ ట్రాక్టర్ ట్రాలీల నడుమ నిలవడ్డ. కూసో అనవు, పో అనవు. మొఖానికి గా వెల్డింగ్ మాస్కొకటి. లోపల నవ్వుతున్నవో తిడుతున్నవో ఎవలికెర్క?

షకీలా వదిన చాయ్ పంపింది. నేను అడగనేలే. ఏం నరేశన్నా, మస్తు దినాలకు వచ్చినవ్, సృజన మంచిగున్నదా అన్నది. నీ పెండ్లానికి నువ్వేం చెప్పలేదా? చెప్పినంక గూడ చాయ్ ఇచ్చిందా? చక్కెర ఎక్కువనే ఏసింది.

పనైతే చేస్తనంటివి గదా, చెయ్యి. విక్రాంత్ సార్ నడిపే రేసు కారుకు కొత్త ట్రే. అదే, సీటు పక్కన బరువు ప్లేట్లు బిగిచ్చేది. వచ్చే నెల సీజన్ మొదలు. వేరేటోళ్లు చేసింది ప్రాక్టీసుల్నే పగిలింది. ఆఖరికి సారే అన్నడు, ఇర్షాద్ దగ్గరికే పో నరేశ్, ఆయన అతుకు పెడితే ఊడదు అని.

ఇంకో మాట గూడ అన్నడు. పని చేపిచ్చుకొని రా, ఆయనను మాత్రం ట్రాక్ కాడికి తీస్కరాకు అని. చెప్పకపోదును. నువ్వు అడగవు గదా, అందుకే చెప్తున్న.

జలాలుద్దీన్ ఉస్తాద్ బతికుంటే నన్ను పానా తోనే కొట్టెటోడు. ఇద్దరికి కలిపి ఒక్క పానా ఇచ్చి, ఒక్క లారీ కింద పండవెట్టి పని నేర్పిండు మనకు. మందమర్రి బొగ్గు లారీల కింద నల్లగైనోళ్లం, పోయి పోయి దేశమంతటి కార్ల రేసుల పడ్డం. యాదికున్నదా, టూరింగ్ కార్ల రేసు అంటే ఊళ్లె ఏమనెటోళ్లు? బాసరకు కిరాయికి వస్తయా అనెటోళ్లు. కాదయ్యా, రోడ్డు మీద చూసే కార్లనే సీట్లు పీకి, ఇనుప పంజరం బిగిచ్చి ఉరికిస్తరు, సీజన్ అయిపోయేసరికి దేశం మొత్తానికి ఒక్కడే ఫస్టు అని చెప్తే, మరి అండ్ల మీకేం పని అనెటోళ్లు. ఎంత నవ్వుకున్నం.

గా బరువు రూలుకైతే ఉస్తాద్ గూడ నవ్వెటోడేమో. ఒక్క రేసు గెల్వంగనే కారుకు పది కిలోల ఇనుము మోపుడు. ఇంకోటి గెలిస్తే ఇంకో పది. కోడలు పని జల్ది చేసిందని ఇంకో పని చెప్పినట్టు. పోయిన సీజన్ల మనం మూడు గెలిచినం, ముప్పై కిలోలు మోసినం. చిన్నయి పెద్దయి గా ప్లేట్లన్ని నువ్వే కోసినవ్, నువ్వే నంబర్లు గుద్దినవ్. రేసు అయినంక కారు, డ్రైవరు, ఇనుము, అంత కల్పి కాంటా మీద ఎక్కిస్తరు. తగ్గితే గెలిచింది పోయినట్టే.

నీకెందుకు చెప్తున్న ఇదంత? నీకు తెల్వదా? చెప్పాల్సింది నోట్లకు వస్తలేదు, అందుకే తెలిసిందే చెప్తున్న.

ఫిబ్రవరిల, ఆఖరి రౌండుకు వారం ముందు, విక్రాంత్ సార్ వాళ్లమ్మ సమ్మక్కకు మొక్కు తీర్చింది గదా. రుక్మాబాయమ్మ. కొడుకు ఫస్టు జాగల ఉండి ఆఖరి రేసుకు పోతే ఎత్తు బంగారం ఇస్తనని మొక్కింది. బెల్లం దుకాణంల పెద్ద తరాజు. ఒక దిక్కు సార్ కాళ్లు ముడుచుకొని కూసున్నడు, ఇంకో దిక్కు బెల్లం ముద్దలు. శుక్రారం, నువ్వు నమాజుకు పోయినవ్. నేనే మోసిన.

డెబ్బయి ఆరు కిలోలు అన్నడు దుకాణపాయన. మన పుస్తకంల సార్ బరువు డెబ్బయి రెండు. నాలుగు పెరిగిండనుకున్న. గా నెలంత పెండ్లిళ్లు, సార్ ఒక్క దావత్ ఇడవలే, పెరగక ఏమైతది అనుకున్న.

నేను గూడ గీ నేల మీదనే పుట్టిన గదా. మా అవ్వ ఐలవ్వ చిన్నప్పుడు నన్ను గూడ గట్లనే తూపిచ్చింది. తల్లికిచ్చే బంగారం సరికి సరి తూగితే ఊకుంటరా? బెల్లం దిక్కే మొగ్గాలె. మొగ్గినంక గూడ మనసు ఆగక ఇంకో ముద్ద పెడ్తరు. రుక్మాబాయమ్మ రెండు పెట్టింది. నా చేతులతోనే అందిచ్చిన. అందిచ్చి, గా బెల్లం లెక్కనే మనిషి లెక్క అని పట్టుకపోయిన.

నవ్వు. నవ్వాల్సిందే.

రేసు పొద్దున సార్‌ను కాంటా మీద నిలవెట్టి చూసుడు నా పని. అక్కడ కాంటా కాడ పెద్ద లైను. నాకు తెలుసు గదా, మళ్ల చూసుడెందుకు? డెబ్బయి ఆరు అని రాసి సంతకం పెట్టిన. మనిషి నాలుగు పెరిగితే ఇనుము నాలుగు తీయొచ్చు. తీస్తే మలుపుల్ల కారు జర అల్కగ తిరుగుతది. ఆశ, ఇంకేంది. నువ్వు టైర్ల కాడ ఉన్నవ్. ట్రే ఇప్పిన. నాలుగు కిలోల ఏడో నంబర్ ప్లేటు తీసిన. మిగిలినయి బిగిచ్చి, గది సంచిల ఏసుకున్న.

ఇగో, చెప్పిన.

గ్రైండర్ ఇప్పుడు బంద్ చేసినవా.

సార్ గెలిచిండు. ఇరువై నిమిషాలు మనం దేశానికే ఫస్టు. నువ్వు నన్ను నడుము పట్టి లేపినవ్, నీ అంగీ మీది నూనె నా చెంపకు అంటింది. అటెన్క కాంటా ఎక్కిచ్చిన్రు. మూడు కిలోలు తక్కువ. దించి మళ్ల ఎక్కిచ్చిన్రు. మళ్ల మూడే. సార్ పెరిగిన నాలుగు కిలోలు ఏడవోయినయా అని నేను పిచ్చోని లెక్క చూస్తున్న. అప్పుడు యాదికొచ్చినయ్ రుక్మాబాయమ్మ రెండు ముద్దలు, మొగ్గిన తరాజు. సార్ పెరిగింది ఒక్క కిలోనే, మిగిలిన మూడు బెల్లానివి.

నోరు తెరిస్తే అయిపోవు. తప్పైంది సార్, బెల్లం లెక్క రాసిన అంటే, తిట్టెటోడు, పనిల నుంచి తీసెటోడు. గెలుపు ఎట్లైన పోయేదే, దాన్ని ఎవలు ఆపలేరు. గాని ప్లేట్లు ఎవలు బిగిచ్చిన్రు అని సార్ అడగంగనే, ఇర్షాద్, సార్ అన్న. అబద్ధం గాదు గదా, పొద్దుగాల నువ్వే బిగిచ్చినవ్. గా ఒక్క నిజం చెప్పి నేను బతికిన.

నువ్వు పద్నాలుగు బిగిచ్చిన అన్నవ్. లెక్కవెడితే పదమూడు. నా దిక్కు చూసినవ్. నేను జాకీ తుడుస్తున్న. మన గుంపుల ఒకడు మీ వాళ్ల గురించి ఒక మాట అన్నడు, నీకు ఇనవడ్డదో లేదో, నాకైతే ఇనవడ్డది. ఉస్తాద్ ఇంట్ల రంజాన్‌కు సేమియా తాగి పెరిగినోన్ని, ఇననట్టు తుడిచిందే తుడిచిన. ప్లేటు తీసిన దానికంటే గది ఎక్కువ షరమైతుంది భాయ్.

సార్ నీ మెడల కార్డు అక్కడికక్కడ తీస్కున్నడు. రైలుల మనవి పక్కపక్క బెర్తులే ఉండె. నేను ఇంకో డబ్బకు పోయి నిలవడి వచ్చిన. రుక్మాబాయమ్మేమో తల్లికి మొగ్గు సాలలే అనుకొని, మళ్ల పోయి ఇంకింత బెల్లం ఇచ్చొచ్చింది. మా ఇంటికి ప్రసాదం పంపింది. తిన్న. ఏం చెయ్యాలె, తిన్న.

ఇగో, గది గూడ తెచ్చిన. ఏడో నంబర్, నీ చేతి గుద్దుడే. కూలర్ ఊగుతుందని మా సృజన దీన్ని తీసి దాని కాళ్ల కిందవెట్టింది. ఏందయ్యా ఇది అంటే, ఏదో పాత ఇనుము అన్న. ఎండకాలమంత దీని మీద నిలవడ్డ కూలర్ గాలికే పన్న. నిద్రయితే మంచిగనే పట్టింది, అబద్ధమెందుకు.

ఏందీ?

తెలుసా? ఎప్పటి సంది తెలుసు?

అక్కడనేనా? ఆ కాంటా కాడనే?

సుద్ద గీత. అరే, సుద్ద గీత. బోల్టు బిగిచ్చినోడు దాని మీద గీత పెట్టాలని ఉస్తాద్ పద్ధతి. నీది నిలువు, నాది అడ్డం. దొంగ పని చేస్తూ గూడ పద్ధతి తప్పలే నేను. పద్నాలుగేండ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే పెట్టింది. మరి నువ్వు ఎందుకు చూపియ్యలే? ఇగో నరేశ్ గీత, వీడే ఇప్పిండు అంటే అయిపోవు గదా.

తుడిచినవా?

అంతమంది నడుమ, నీ బొటనవేలుతోని, నువ్వే తుడిచినవా?

నేనే చెప్తనని చూసినవా. రైలుల చూసినవా, ఇంటికొచ్చినంక చూసినవా. ఐదు నెలలాయె భాయ్. ఇన్ని దినాలు గీ ట్రాలీలు అతుక్కుంట నా కోసం చూసినవా నువ్వు? నన్ను తిట్టరాదు, ఒక్కటి కొట్టరాదు. అట్లయితే నేను ఇంటికి పోయి అన్నం తింట.

ఎవలికి చేస్తున్నవ్ ఫోను? విక్రాంత్ సార్‌కా? ఆగు. జర ఆగు. నీకు చెప్పిన గదా, నీకు చెప్తే సాలదా? తప్పు నీ దిక్కే చేసిన, నీకే చెప్పిన. సరే, సరే, ఇటియ్యి. నేనే చెప్త. ఉస్తాద్ మీద ఒట్టు, ఇప్పుడే చెప్త.

హలో, సార్, నేను సార్, నరేశ్‌ను. ఆఁ, ఇర్షాద్ ఫోన్ల నుంచే. ఒక ముచ్చట చెప్దామని సార్. పోయిన సీజన్ది. ఆఁ, అదే, ఆఖరి రౌండు...

లే సార్. ఏం లే. ట్రే అయిపోవచ్చింది, పొద్దూకేవరకు తెస్త. అతుకు మంచిగనే పెట్టిండు. ఆఁ, ఎర్కే సార్. తీస్కరాను.

గిట్ల చూడకు ఇర్షాద్ భాయ్. రేపు చెప్త. ఎదురుంగ పోయి చెప్త, ఫోన్ల చెప్పే ముచ్చట గాదు ఇది.

నీకు పుణ్యముంటది, గా మాస్కు మొఖం మీదికి దించుకో. పని కానియ్యి.