మీదంటూ ఒక్క మాట

నెపోలియన్ పడవలు వచ్చేస్తున్నాయన్న పుకారుతో ఇంగ్లండు తీరాన డోవర్ ఊరంతా అట్టుడికిపోతోంది. ఇంగ్లీషు సార్జెంటు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఫ్రాన్సులో పుట్టిన అతని భార్య మాత్రం కుర్చీలోంచి కదలడం లేదు.

"లేవవే! ఫ్రెంచివాళ్లెవరూ ఊళ్లో ఉండకూడదని ఆర్డరు."

"ఎవరిచ్చారో?"

"కెప్టెన్."

"ఆ మాట మాదే. నీ ఆర్డరు, నీ సోల్జరు, నీ ఆర్మీ, ఆఖరికి ఎనిమీ కూడా మా ఫ్రెంచి మాటలే. వాటినీ తరిమేస్తారా?"

"ఇదా వేళాకోళాలకి వేళ? కెప్టెన్ మనుషులొస్తే నిన్ను ఈడ్చుకుపోతారే!"

"మీదంటూ ఒక్క మాట చెప్పవయ్యా, వెళ్లిపోతాను."

వీధి మలుపులో బూట్ల చప్పుడు. అతను తడుముకున్నాడు.

"వైఫ్," అన్నాడు చివరికి. "అది మాదే."

"అయితే ఆ మాట నిలబెట్టుకో."