వంకర కుట్ల దుప్పట్లు

కాగితాలు కుదరవంటే ఎలా తల్లీ? దుప్పట్లు తీసుకున్నావు కదా, వాటి మధ్య ఈ కట్ట పెడితే మీ పెట్టె మునిగిపోతుందా? ముప్పై ఎనిమిది ఉత్తరాలు. చేత్తో పట్టుకుని చూడు, పావుకిలో ఉండదు.

నా వెనక వరుసలో ఎవరూ లేరులే. మొదటినుంచి చెబుతాను. పాతికేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, మధ్యలోంచి చెప్పడం చేతకాదు.

నువ్వు పుట్టకముందు మాట. మా ఊరిని వరద ముంచేసింది. పిల్లలూ, వాళ్ల తల్లులూ, నేనూ బడి మేడ మీద, బల్లలపైన పడుకున్నాం. అప్పుడు దుప్పట్లు వచ్చాయి. ఎక్కణ్ణుంచనుకున్నావు? మొన్న భూకంపానికి కూలిపోయిందే, ఇప్పుడు మీరు ఈ పెట్టెలు పంపుతున్నారే, ఆ దేశం నుంచే. అక్కడి బడిపిల్లలు కుట్టారట. కుట్లన్నీ వంకరటింకర. అయినా ఎంత వెచ్చగా ఉండేవో.

నీళ్లు తీశాక మా పిల్లలచేత ఉత్తరాలు రాయించాను. మన భాష వాళ్లకెలా తెలుస్తుందంటావా? బొమ్మలు వేశారుగా. ఇది చూడు, ఒక దుప్పటి, దాని కింద ఆరు తలకాయలు.

అప్పుడే ఎందుకు పంపలేదంటే, ఏం చెప్పను? సిరా మరకలమ్మా. కొట్టివేతలు. పరాయిదేశం వాళ్లు చూస్తే మన బడి గురించి ఏమనుకుంటారు? మళ్లీ శుభ్రంగా రాయిద్దామని బీరువాలో పెట్టాను. పరీక్షలొచ్చాయి, సెలవులొచ్చాయి. ఆలస్యమయ్యేకొద్దీ పంపడానికే సిగ్గేసింది.

పిల్లలతో మాత్రం పోస్టు చేశానని చెప్పాను.

పోస్టుమ్యాన్ సైకిలు కనబడితే చాలు, కిటికీకి వేలాడేవాళ్లు. ఒక గడుగ్గాయి ఉండేది, రోజూ అదే ప్రశ్న, "టీచర్, మనకి జవాబొచ్చిందా?" అని. ఒకనాడు విసుగొచ్చి, "వాళ్లకి మనమెక్కడ గుర్తుంటామే" అనేశాను.

"గుర్తులేకపోతే దుప్పట్లెందుకు పంపారు టీచర్?" అంది.

కూర్చోమన్నాను. అంతే. కూర్చుంది. మళ్లీ అడగలేదు.

వాళ్లను మతిమరుపు మనుషుల్ని చేశాను చూడు, చలిలో కప్పినవాళ్లను. అక్కడ ఏ పిల్లలు మా ఉత్తరం కోసం ఎన్నాళ్లు చూశారో.

సర్లే, రూలంటే రూలే, నీ తప్పేముంది? అయినా కాగితాలు తీసుకోరని బయట బోర్డు మీద నిన్ననే చదివాను. తెలిసే వచ్చాను. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఒక్కరికైనా చెప్పాలి కదా, నీకు చెప్పాను.