ఎడమది ఎడమ పక్కనే

షెడ్డులో పాతకాలపు కారు ముందు బంపర్ ఊడదీసి నేల మీద పెట్టి ఉంది. మెకానిక్ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పోయిన నెలే భర్తను పోగొట్టుకున్న ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడింది.

"చప్పుడు ఎక్కణ్ణుంచో దొరికిందమ్మా. బంపర్ బిగించే చోట మధ్యలో వేసిన రబ్బరు అరిగిపోయింది."

"కొత్తది వేసెయ్యి నాయనా. గడగడలాడే బండి నాకొద్దంటున్నాడు కొనేవాడు."

"వేస్తాను. కానీ ఇది షాపులో కొన్న రబ్బరు కాదు. సారు చెప్పు కోసి వేశారు."

"ఆయన పిసినారితనం ఎక్కడికి పోతుంది! తన పాత చెప్పులే అయ్యుంటాయి."

"పెద్దాళ్లవి కాదమ్మా. చిన్నపిల్లల చెప్పు. నీలం రంగు, మీద చేప బొమ్మ."

ఆవిడ గుమ్మం దాటి బంపర్ దగ్గరికి వచ్చింది.

"రెండో పక్కన ఏముంది?"

"దాని జతే. ఎడమ కాలిది ఎడమ పక్క, కుడి కాలిది కుడి పక్క. తారుమారు కాకుండా బిగించారు."

"మా పిల్లాడు పోయాక, వాడి వస్తువు ఒక్కటి కంటబడినా నేను బతకనన్నాను. అన్నీ ఎవరెవరికో ఇచ్చేశాను. ఆయన పల్లెత్తు మాట అనలేదు."

"అయ్యో..."

"రోజూ పొద్దున్నే ఈ బంపర్ తుడుస్తుంటే, పెళ్లాం కన్నా ఇదే ఎక్కువైపోయిందని దెప్పేదాన్ని."

"ఇవి మీ చేతికిచ్చెయ్యనా అమ్మా?"

"వద్దు. ఎలా ఉన్నవి అలాగే బిగించు."

"చప్పుడు ఆగదు. కొనేవాడు ఒప్పుకోడు."

"ఒప్పుకోకపోతే పోనీ. మా ఇంట్లో చప్పుడు విని ఎన్నేళ్లయిందో."