కుస్కుస్‌లో శనగలు

ఆదివారం మధ్యాహ్నం, ట్యూనిస్ శివారులో ఒక మూడో అంతస్తు వంటిల్లు. షాద్లీ ఒకప్పుడు మంత్రి. ఐదేళ్ళ కిందట దేశాధ్యక్ష పదవికి పోటీ చేసి చిత్తుగా ఓడిపోయాడు. ఆ తర్వాత రాజకీయాలకు ఒక దండం పెట్టేసి, కుళాయిలు ఎండిపోయిన ఊళ్ళవెంట తిరుగుతూ నీళ్ళ కోసం పోరాడుతున్నాడు. దేశాన్ని ఎలా నడపాలో అతనికి బాగా తెలుసు గానీ, ఈ వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు. పొయ్యి దగ్గర అతని భార్య దలేందా గోధుమ రవ్వతో కుస్కుస్ వండుతోంది.

"వింటున్నావా, షాద్లీ? శనగలు వెయ్యనా, వద్దా?"

"నీ ఇష్టం. నేనేదో ముఖ్యమైన మాట చెబుదామని వస్తే నువ్వు శనగలంటావేంటి!"

"నాకిదే ముఖ్యం. ఉడికించి పక్కన పెట్టాను. చివర్లో కలపడమే."

"కలిపితే కలుపు, మానితే మాను. ఇంతకీ నా ఫోన్ ఎక్కడ పెట్టావ్?"

"ఛార్జింగ్‌లో ఉంది."

"పొద్దున్నుంచీ కరెంటు లేదు కదా, దలేందా."

"అయితే వచ్చాక ఎక్కుతుంది. ఏదో మాటన్నావు, చెప్పు."

"హమ్మాది రానీ. ఇద్దరికీ కలిపే చెబుతాను. అయినా వాడింకా రాలేదేంటి? భోజనానికి పిలిస్తే పన్నెండింటికే దిగి, గిన్నెల మూతలు తీసి వాసన చూసే మనిషి."

"మాంసం వేడిగా ఉంది, వేళ్ళు కాలుతున్నాయి. ఆగు."

"ఎముకలెందుకు తీసేస్తున్నావ్?"

"నీ పళ్ళ కోసం."

"నా పళ్ళకేమైంది? బాదంకాయలు కొరుకుతున్నాను. హమ్మాది అయితే నీతో పోట్లాడతాడు చూడు. మూలుగ పీల్చందే వాడికి తిన్నట్టుండదు."

"ఇవాళ పోట్లాడడులే."

"మట్టి పళ్ళెం తియ్యలేదేం? ఈ ప్లాస్టిక్ డబ్బాలో పెడుతున్నావేం? ముగ్గురం పళ్ళెం చుట్టూ కూర్చుని తినకపోతే అది ఆదివారమెలా అవుతుంది?"

"అబ్బ, అన్నీ కావాలి నీకు! రోజూ పట్టించుకోని వంట ఇవాళే కనబడిందా? కూర్చో. హమ్మాది కోసం ఎదురుచూడక్కర్లేదు. చెప్పు."

"నీకు తెలియందేముంది. నాలుగు నెలల్లో ఎన్నికలు."

"తెలుసు."

"మళ్ళీ నిలబడమంటున్నారు."

"ఎవరు?"

"అందరూ."

"అందరూ అంటే? పోయినసారి కూడా అందరూ అనే అన్నావు. పెట్టెలు తెరిచాక చూస్తే ఆ అందరూ మన వీధిలో కూడా లేరు."

"ఎత్తిపొడవకు. అప్పుడు నేను సూటూ బూటూ వేసుకున్న మాజీ మంత్రిని. ఇప్పుడు వేరు. కొండ ఊళ్ళల్లో ఆడవాళ్ళు క్యాన్లు పట్టుకుని నా కారు చుట్టూ చేరుతున్నారు. ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? 'నాయనా, నువ్వు కుర్చీలో కూర్చుంటే మా కుళాయి తిరుగుతుంది' అంది."

"ఆవిడకి కుళాయి కావాలి. నీకు కుర్చీ వినబడింది."

"దలేందా!"

"కోపమొస్తే రానీ. నీళ్ళ కోసం వెళ్ళినప్పుడు వాళ్ళు నీకు ఇంటి తలుపు తీశారు. ఓట్ల కోసం వెళ్ళినప్పుడు టీ ఇచ్చి సాగనంపారు. ఈ ఐదేళ్ళూ నువ్వు మనిషిలా ఉన్నావు, షాద్లీ. నిద్రపోయావు. నవ్వావు. నాకది బాగుంది. బాగుందని చెప్పడానికి సిగ్గు కూడా లేదు నాకు."

"మరి ఆ నీళ్ళన్నా ఇస్తున్నారా? అర్జీ పెడితే తీసుకుంటారు, ధర్నా చేస్తే ఫోటో తీసుకుంటారు. అంతే. ఎదురు నిలబడేవాడు ఒక్కడూ లేకపోతే పెద్దాయన పోయేదాకా అధ్యక్షుడిగా ఆ ప్యాలెస్‌లోనే ఉంటాడు."

"నిలబడ్డవాళ్ళు ఎక్కడున్నారు ఇప్పుడు? ఆ లాయరు ఎక్కడున్నాడు? ఆ రేడియో ఆయన?"

"లోపల."

"ఆ డాక్టరమ్మ?"

"దేశం దాటిపోయింది. అందుకే కదా, ఎవరో ఒకరు—"

"గట్టిగా మాట్లాడకు."

"నా ఇంట్లో నేను మాట్లాడటానికి కూడా... అవును, కిటికీ తలుపులన్నీ మూశావేం? ఎండ అటు వైపు కదా?"

"దుమ్ము."

"ఆ తెల్ల కారేనా? పొద్దున బాల్కనీలోంచి చూశాను. ఇద్దరు కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నారు. పనీపాటా లేదు వెధవలకి."

"ఇద్దరు కాదు, ముగ్గురు. ఒకడు వెనక సీట్లో పడుకున్నాడు."

"నువ్వెప్పుడు చూశావ్?"

"తెల్లారకముందే."

"అప్పుడు నువ్వు నిద్రలో లేవూ?"

"నువ్వు నిద్రలో ఉన్నావు. సరే, ఒకటడుగుతాను, నిజం చెప్పు. నిలబడతానని ఎవరికైనా మాటిచ్చావా?"

"లేదు."

"ఎవరికీ?"

"లేదన్నానుగా."

"హమ్మాదికి?"

"హమ్మాదికా... మాటంటే మాట కాదు. వాడు ఊరికే అడుగుతుంటే ఊరికే ఏదో అన్నాను. హమ్మాదితో అన్నదీ నాలో నేను అనుకున్నదీ ఒకటే కదా. దాన్ని మాటివ్వడం అంటారా?"

"నాకేం తెలుసు. అడిగాను, అంతే. హరీసా ఇటివ్వు."

"ఏది?"

"నీ మోచేతి కింద. ఆ ఎర్ర కారం సీసా."

"సీసాలోది డబ్బాలోకి తీస్తున్నావేం? అలాగే బల్ల మీద పెట్టచ్చుగా."

"షాద్లీ, నన్ను పని చేసుకోనివ్వు."

"సరే, సరే. ఆ శనగలు చూస్తే ఏం గుర్తొచ్చిందో చెప్పనా?"

"వద్దు."

"ఆ జైలు రోజులు. నేనూ హమ్మాదీ ఒకే గదిలో ఉండేవాళ్ళం. వారానికోసారి నువ్వు జైలు గేటు దగ్గరికి బుట్ట మోసుకొచ్చేదానివి. లోపలికి ఉత్తరాలు లేవు, మాటలు లేవు, భోజనం గిన్నె ఒక్కటే. కుస్కుస్‌లో శనగలుంటే 'బయట మేం గట్టిగానే ఉన్నాం, సంతకం పెట్టకు' అని. లేకపోతే 'ఇంక చాలు, క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టేసి వచ్చెయ్' అని."

"గుర్తుంది. ఆ ఏర్పాటు నాది."

"మూత తియ్యగానే హమ్మాదే ముందు వేలు పెట్టి వెతికేవాడు. దొరకగానే ఒకటి నా నోట్లో పెట్టేవాడు, ఒకటి తను వేసుకునేవాడు. పండగ చేసుకునేవాళ్ళం అనుకో! ప్రతి వారం ఉన్నాయి, దలేందా. రెండేళ్ళలో ఒక్కసారి కూడా నువ్వు మానలేదు."

"ఈ సంగతి టీవీ వాళ్ళకెవరికైనా చెప్పావా?"

"లేదు. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. నీకూ నాకూ హమ్మాదికీ తప్ప ఎవరికీ తెలియదు."

"మంచిపని చేశావ్. ఒకసారి మానేశాను."

"ఏంటి?"

"మా అమ్మ పోయిన వారం. ఆస్పత్రిలో నేనొక్కదాన్నే. నాకింక చేతకాలేదు. శనగలు వెయ్యకుండానే మూత బిగించాను. బస్సు స్టాపు దాకా వెళ్ళాను కూడా."

"మరి? ఆ వారం కూడా తిన్నానే."

"వెనక్కొచ్చి కలిపాను."

"ఎందుకు?"

"సంతకం పెడితే నువ్వు ఇంటికొచ్చేవాడివి. కానీ తల దించుకుని వచ్చేవాడివి. ఆ తలని రోజూ చూడాల్సింది నేను. బస్సు పోయింది, తర్వాత బస్సుకి వెళ్ళాను. ఆ సాయంత్రమే అమ్మ పోయింది. నేను దగ్గర లేను."

"ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదు."

"నువ్వు అడగలేదు. వచ్చింది తిన్నావు."

"దలేందా, అందుకే... చూడు, అందుకే అంటున్నాను. అంత ఓర్చుకున్న మనం ఇప్పుడు ఇంట్లో తలుపులేసుకుని కూర్చోవడమా? నిలబడతాను. నిర్ణయం అయిపోయింది. ఇదే నీకు చెబుదామనుకున్న మాట."

"గెలుస్తావా?"

"గెలుపు సంగతి ఎవడికి కావాలి? ఒక్కడైనా ఎదురు నిలబడ్డాడని తెలియాలి."

"భయం లేదూ?"

"నాకా? మహా అయితే ఏం చేస్తారు? లోపలేస్తారు. వెయ్యనీ! ఆ నేల నాకు కొత్తా? నువ్వు బుట్ట తెస్తావు, నేను తింటాను."

"బుట్ట సర్దేశాను."

"ఏంటి?"

"బుట్ట. తలుపు వెనక ఉంది. ఈ డబ్బా ఒక్కటే పెట్టాలి."

"అంటే... ఇవాళే వస్తారా? ఎవరైనా చెప్పారా నీకు? అందుకేనా ఆ కారు... ఆగు, నా బూట్లు—"

"కూర్చో. నీ కోసం కాదు."

"మరి?"

"హమ్మాది కోసం."

"హమ్మాదికా? ఏమైంది వాడికి?"

"తెల్లవారుజామున తీసుకెళ్ళారు. చెప్పులు కూడా వేసుకోనివ్వలేదట. వాళ్ళావిడ కమర్ పక్కింటి వాళ్ళ ఫోన్ నుంచి చేసింది, నువ్వు గడ్డం గీసుకుంటుంటే."

"పొద్దున చేసిందా! ఇప్పుడా నాకు చెప్పడం? నా ఫోన్ ఏదీ?"

"పిండి డబ్బాలో ఉంది. తీసుకో, దాచడానికింకేం లేదు."

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే కోపంతో ఊగిపోయి ఏదో ఒకటి అనేసేవాడివి. కోపం లేనప్పుడు నీ మనసులో ఏముందో వినాలనుకున్నాను. విన్నాను."

"వాణ్ణెందుకు? వాడేం చేశాడు పాపం?"

"శుక్రవారం కాఫీ హోటల్లో బల్ల గుద్ది చెప్పాడట, 'మా షాద్లీ మళ్ళీ నిలబడుతున్నాడు, నాకు మాటిచ్చాడు' అని. నువ్వివ్వని మాట వాడికెలా అందింది?"

"గురువారం... ఊళ్ళ నుంచి వస్తుంటే, కారులో... అవును, ఇచ్చాను. బండి పక్కకి ఆపి ఏడ్చాడు, దలేందా. సంతోషంతో ఏడ్చాడు."

"వాడు ఏడవకేం చేస్తాడు. నిన్ను అంత నమ్మాడు."

"ఏం కావాలట వాళ్ళకి?"

"ఒక కాగితం. ఊళ్ళకి తోలిన నీళ్ళ ట్యాంకర్ల డబ్బు పరాయి దేశం నుంచి వచ్చిందని, తెప్పించింది నువ్వేనని. కింద హమ్మాది సంతకం."

"పెట్టడు. చచ్చినా పెట్టడు."

"ఆ మాటే అనకు. ఆ గుండెకి రెండు స్టెంట్లు. షుగరుకి సూది మందు లేకపోతే కళ్ళు తిరిగి పడిపోతాడు. గేటు దగ్గర మందులు పుచ్చుకోరట, భోజనం ఒక్కటే తీసుకుంటామన్నారట. నువ్వు రెండేళ్ళు తిన్నావు, గిన్నెలో ఎముక లేదని ఒక్కనాడైనా చూశావా? ఎముకలు లోపలికి పోనివ్వరు, షాద్లీ. సీసాలు పోనివ్వరు."

"కమర్ ఎవరినైనా కలిసిందా?"

"ఒక ఆఫీసరుని. చాలా మర్యాదగా మాట్లాడాడట, కుర్చీ కూడా వేశాడట. అది వినే నాకు వణుకొచ్చింది. 'సంతకం పెడితే రాత్రికి ఇంటికొస్తాడమ్మా. ఆ కాగితం మా సొరుగులోనే ఉంటుంది, షాద్లీ గారు తన ఇంట్లో కూర్చున్నంత కాలం' అన్నాడట."

"ఇంట్లో కూర్చోవడం అంటే... ఊళ్ళకి కూడా వెళ్ళకూడదా? నీళ్ళ సంగతి?"

"ఇంట్లో కూర్చోవడమంటే ఏమనుకున్నావ్?"

"నేను నిలబడితే..."

"వాడు సంతకం పెట్టకూడదు. పెడితే ఆ కాగితంతో నిన్ను జన్మంతా లోపల ఉంచుతారు. పెట్టకుండా వాడెన్నాళ్ళుంటాడో, ఆ గుండెతో... అది నేను చెప్పలేను."

"కమరేమంటోంది?"

"'షాద్లీ ఎలా చెబితే అలా' అంటోంది. నిన్ను తిట్టినా బాగుండేది."

"నేనే వెళ్తాను. నన్ను తీసుకుని వాణ్ణి వదిలెయ్యమంటాను."

"వెళ్ళు. రెండు బుట్టలు సర్దుతాను. వాణ్ణి వదులుతారని నీకు నమ్మకముందా?"

"ఒక్క రోజు ఆలోచించుకోనీ. రేపు చెబుతాను."

"నేనైతే ఇస్తాను ఒక రోజు. గేటు దగ్గర మూడింటికి తీసుకోవడం ఆపేస్తారు. కమర్ కింద టాక్సీలో కూర్చుని ఉంది."

"కిందా? పైకి రాలేదేం?"

"నీ మొహం చూస్తే అడగలేనంది."

"దలేందా, నువ్వే చెప్పు. ఆ రోజుల్లో నువ్వే కదా తేల్చింది. నీకు ఏది మంచిదనిపిస్తే... నీ ఇష్టం—"

"నా ఇష్టం కాదు. అప్పుడు లోపలున్నది నా మొగుడు. ఇప్పుడున్నది కమర్ మొగుడు. మాటిచ్చింది నువ్వు."

"నా వల్ల కాదు."

"వాడు మూత తీస్తాడు. వేలు పెట్టి వెతుకుతాడు. చెప్పు, షాద్లీ. శనగలు వెయ్యనా, వద్దా?"